పదకొండు మాటల మట్టం

జూన్ 3, మంగళవారం

ఈ నోటుబుక్కు ఆదివారం ప్రసంగాల కోసం కొన్నది. రాసిన నాలుగు పేజీలూ చింపేశాను. ఇకమీదట ఇందులో మా ఆవిడ మాటలు రాసుకుంటాను. ఇంకెవరూ చూడక్కర్లేదు.

పక్షవాతం వచ్చి ఇవాళ్టికి నలభై రోజులు. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. కాలు పర్వాలేదు, పట్టుకుంటే నడుస్తోంది. వాళ్ళక్క, అంటే మా వదిన, కుట్టుమిషను మూసిపెట్టి మొదటి వారమే వచ్చి మా ఇంట్లో ఉంటోంది.

ఇప్పటికి తిరిగొచ్చిన మాటలు: నీళ్ళు, వద్దు, అక్క, లైటు, రా, పో, ఆకలి, నొప్పి, ఎండ, అవును, ఇది.

పదకొండు. ప్రభువు శిష్యులు కూడా చివరికి పదకొండు మందే మిగిలారు. లోకాన్ని తలకిందులు చెయ్యడానికి ఆ పదకొండు మందీ సరిపోయారు.

"ఏమండీ" ఇంకా రాలేదు. ముప్పై ఏళ్ళు రోజుకి వందసార్లు అన్న మాట, ఎక్కడికి పోతుంది. వస్తుంది.

జూన్ 4, బుధవారం

నేను పనిచేసే ఆసుపత్రి కింది అంతస్తులో మాటలు నేర్పే టీచరు దగ్గరికి తీసుకెళ్ళాం. మా సర్వరు గది మూడో అంతస్తు, మెట్లు దిగితే చాలు. టీచరు చిన్నదే, మా ఆవిడ వయసులో సగం ఉండదు. ముందు నన్నే పట్టుకుంది.

"సార్, మీరు కొంచెం తక్కువ మాట్లాడాలి."

"ఎంత తక్కువ?"

"ఆమెకి వచ్చినంత."

నవ్వొచ్చింది. "అమ్మా, నేను మైకు లేకుండా మూడొందల మందికి వినిపించేవాణ్ణి."

"వినిపిస్తుంది సార్. ఇప్పుడు కూడా ఎక్స్‌రే గదిదాకా వినిపిస్తోంది. ఆమె ఒక్కో మాటనీ నేలమీద వెతికి ఏరుకుంటోంది. మీరేమో పక్కన నిలబడి బస్తా కుమ్మరిస్తున్నారు. ఏది తనదో ఆమెకెలా తెలుస్తుంది?"

తర్వాత ఎడంచేత్తో చేసే సైగలు నేర్పింది. పొట్టమీద చెయ్యి పెడితే ఇది, చెవి ముట్టుకుంటే అది, అరచెయ్యి ఎత్తితే ఆపమని. వదిన శ్రద్ధగా రాసుకుంది. నాకు అప్పుడే పైనుంచి ఫోను, బయటికి రావలసి వచ్చింది.

తగ్గమంటుంది. దేవుడు పైకి లేపేవాడు. నేను వైర్లు లాగే కూలీగా ఈ ఆసుపత్రిలో చేరి, పారేసిన మాన్యువళ్ళు చదివి సర్వరు గదిదాకా వచ్చినవాణ్ణి. దేవుని వాక్యమూ అంతే, ఏ కాలేజీలోనూ కాదు, మెట్లమీద కూర్చుని నేర్చుకున్నాను. మేం తగ్గి ఎరగం.

జూన్ 5, గురువారం

కొత్త సర్వర్లు రెండు వచ్చాయి. అట్టపెట్టె విప్పుతుంటే పెళ్ళిలో లాగా ఒళ్ళు వెచ్చబడింది. పాతవి మూడు, ఎనిమిదేళ్ళవి. ఇప్పుడు అయిదూ ఒక్క కుటుంబం.

ఆసుపత్రి పనంతా ఈ పెట్టెల్లో కాపురముండే వర్చువల్ మిషన్ల, అంటే సాఫ్టువేరుతో కట్టిన కంప్యూటర్ల మీదే నడుస్తుంది. మందుల చీటీలదొకటి, రక్తపరీక్షలదొకటి, టీచరుగారి మాటల విభాగానిదొకటి. ఒక పెట్టెకి జబ్బు చేస్తే అందులో కాపురమున్నవాటిని ఆపకుండానే ఇంకో పెట్టెలోకి తరలించొచ్చు. రోగి మంచం దిగకుండానే మంచాన్ని పక్క వార్డుకి తోసినట్టు. ఈ ఏర్పాటు మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ ఇవాళ "ఎండ" అంది, కిటికీ వంక చూసి. నేను వెలుగు గురించీ సృష్టి మొదటి దినం గురించీ చెప్పాను. నిద్రపోయింది.

జూన్ 8, ఆదివారం

స్తోత్రం. స్తోత్రం. వెంటనే రాయాలి.

ఆవిణ్ణి ప్రార్థన హాలుకి తీసుకెళ్ళాను. టైర్ల దుకాణం పైన ఉన్న మా హాలు ఇవాళ మెట్లదాకా నిండింది. ముందు వరసలో కూర్చోబెట్టాను. నోరు తిరగనివాణ్ణి పిలిచి రాజుముందు నిలబెట్టిన దేవుడి గురించి మొదలుపెట్టాను. అగ్ని దిగింది. "ఈ నోరు తెరుచుకుంటుంది, ఈ నాలుక మళ్ళీ పాడుతుంది" అని ఆవిడ వైపు చెయ్యి చాపాను.

అప్పుడు ఆవిడ ఎడంచెయ్యి లేచింది. అరచెయ్యి తెరిచి, నిటారుగా, నా వైపు.

హాలు మొత్తం లేచి నిలబడింది. స్తోత్రం అన్న కేకకి కింద టైర్లవాళ్ళు బయటికొచ్చి పైకి చూశారట. ఆవిడ మూడుసార్లు ఎత్తింది. మూడోసారి ఎత్తి దించనేలేదు, మోచెయ్యి వణుకుతున్నా దించలేదు. అంత ఆరాధన నేనెన్నడూ చూడలేదు. ఇంకో ఇరవై నిమిషాలు పొడిగించాను.

వదిన ఒక్కతే లేవలేదు. కూర్చుని నా వంకే చూసింది.

జూన్ 9, సోమవారం

వదినకి నోట్లో గుండుసూదులు పెట్టుకుని కుట్టే అలవాటు. ముప్పై ఏళ్ళ అలవాటు కావడంతో సూదులు లేకపోయినా మాట తక్కువే. పొద్దున నేను బూట్లు వేసుకుంటుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"మరిదిగారూ, చెయ్యెత్తితే ఏమిటో టీచరు చెప్పింది కదా."

"హాల్లో ఎత్తిన చెయ్యి వేరు వదినా."

"ఉన్నది ఒక్క చెయ్యే కదండీ. దానికి హాలేమిటి, ఇల్లేమిటి."

విశ్వాసం తక్కువ మనిషి. కోప్పడలేదు. ఆఫీసుకి ఆలస్యమవుతోందని వచ్చేశాను. ఆలస్యం కాలేదు నిజానికి.

జూన్ 12, గురువారం

సర్వరు గదిలో నా జోడీని అందరూ లెక్కలాయన అంటారు. ఒకప్పుడు ట్యూషన్లు చెప్పేవాడు. దేవుణ్ణి నమ్మడు, రెండోసారి కూడిక చెయ్యందే మనుషుల్నీ నమ్మడు. నేను కాలేజీ మొహం చూడని ప్రసంగీకుణ్ణని తెలిసీ, ఎగతాళికి మొదలుపెట్టి, అలవాటై, పాస్టరుగారూ అంటాడు.

"పాస్టరుగారూ, కొత్తవాటిమీద ఏదీ మొదలెట్టకముందే అయిదింటికీ మట్టం పెట్టేద్దాం. పాతదాని మట్టం."

మట్టం ఆయన మాట, తాపీపనివాళ్ళ దగ్గర తెచ్చుకున్నాడు. కొత్త ప్రాసెసర్లకి పాతవాటికి రాని విద్యలు కొన్ని వచ్చు. మిషను పుట్టగానే తానున్న ప్రాసెసరుకి ఏమేం వచ్చో చూసుకుంటుంది, బతికున్నంతసేపూ అవి ఉంటాయనే నమ్ముతుంది. పాత పెట్టెలో పుట్టింది కొత్తదానిలోకి ఎక్కగలదు. కొత్తదానిలో పుట్టింది పాతదానిలోకి ప్రాణంతో దిగలేదు. అందుకని కొత్తవాటి చేత ఆ పై విద్యలు దాచిపెట్టిస్తే, అయిదూ ఒకే మాట మాట్లాడతాయి, ఎవరైనా ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఇదీ ఆయన వాదన.

"అంటే కొత్తవి తమకొచ్చింది రానట్టు నటించాలి."

"నటించడం కాదు. చెప్పకుండా ఉండటం."

"సింహాన్ని తెచ్చి మ్యావ్ అనమంటారా?"

"మ్యావ్ అనక్కర్లేదు లెండి. గర్జించకపోతే చాలు. పక్కనే కాన్పుల వార్డు."

నేను ఒప్పుకోలేదు. యజమాని ఇచ్చిన తలాంతును, అంటే ధనాన్ని, వాడకుండా భూమిలో పాతిపెట్టిన పనివాడి గతేమిటో నాకు తెలుసు. నా చేతిమీదుగా పైకి లేచినది ఏదీ కిందికి దిగదు అని చెప్పాను. ఆయన భుజాలెగరేసి, "సీనియర్ మీరు" అన్నాడు.

మాటల విభాగం మిషను పాతబడి నత్తి కొడుతోంది. టీచరుగారికి కానుకగా కొత్త సర్వరులోనే కొత్తది పుట్టించాను. బాణంలా పోతోంది.

జూన్ 14, శనివారం

తొమ్మిది. "లైటు" రెండు రోజులుగా లేదు, "ఆకలి" లేదు. అలిసిపోయి ఉంటుంది. ఎండలు కూడా.

జూన్ 15, ఆదివారం

హాలుకి రానంది. "వద్దు" అంది, స్పష్టంగా. మాట ఎంత స్పష్టంగా వచ్చిందో అని సంతోషించాను.

జూన్ 17, మంగళవారం

టీచరు అడిగింది, ఆమె పాత గొంతు ఏదైనా రికార్డు ఉందా అని. పాట మెదడులో వేరే దారిన పోతుందట. మాట పోయినవాళ్ళకి ఒక్కోసారి తమ పాటే తమకి వినిపిస్తే దాని వెంట మాటలు కొన్ని తిరిగొస్తాయట.

నా దగ్గరున్నన్ని ఇంకెవరి దగ్గరుంటాయి. పద్దెనిమిదేళ్ళ ఆదివారాలు. ప్రసంగానికి ముందు ఆవిడ పాడిన పాటలు, రెండొందల పన్నెండు, ఒక్క డిస్కులో. ఇది దేవుడు తెరిచిన తలుపు. ఆ పాటల మీదుగా ఆవిడ నడిచి తిరిగొస్తుంది, ఇప్పటి ఆవిడ కాదు, అసలు ఆవిడ.

వదినతో చెప్తే, "లోపలున్నది కూడా అసలుదేగా" అంది.

జూన్ 20, శుక్రవారం

పాటలన్నీ టీచరుగారి మిషనులో పెట్టాను. తాత్కాలికం అనే ఫోల్డరులో, బ్యాకప్ వెళ్ళని చోట. వచ్చేవారం సరైన చోటికి మారుస్తాను. ఆమె సాఫ్టువేరు వాటన్నిటినీ ఒక్క మూటగా కట్టి, హాల్లో ఫ్యాన్ల రొదా టైర్ల చప్పుడూ తీసేసి, గొంతొక్కటే మిగులుస్తుందట. సోమవారం మొదలెడతానంది. పరీక్షకని మొదటి పాట రికార్డు మొదట్లోని ఆరు సెకన్లు తన కంప్యూటరులోకి తీసుకుంది.

కాపీ కాదు, కట్ చేశాను. డిస్కు నిండిపోయింది. ఆదివారం నా ప్రసంగం రికార్డు చెయ్యడానికి చోటు కావాలి.

జూన్ 22, ఆదివారం

ప్రసంగం గంటా యాభై నిమిషాలు. పూర్తిగా రికార్డయింది.

జూన్ 23, సోమవారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

పదకొండు గంటలకి కొత్త సర్వరు ఒకటి మెమరీ పాడవుతోందని ఎర్రదీపం చూపించింది. రెండో కొత్తది నేనెక్కించిన బరువులతో నిండిపోయి ఉంది. కాపురమున్నవాటిని పాతవాటిలోకి దించాలి. పాత పెట్టెల్లో పుట్టి పైకొచ్చినవి పన్నెండూ సుఖంగా దిగాయి. ఒక్కటి దిగనంది. టీచరుగారిది. నేను కొత్తింట్లో పుట్టించినది. అక్కడి ప్రాసెసరుకి ఆ విద్యలు రావు, పంపను అని తెరమీద రాసి నిలబడింది.

లెక్కలాయన చెప్పాడు. "ఆపేయండి. పది నిమిషాలు. ఆపి, పాతదానిలో మొదలెడదాం. మళ్ళీ పుడితే ఆ మట్టానికే పుడుతుంది."

పగటిపూట ఏదీ ఆపకూడదని సూపరింటెండెంటు ఆర్డరు. కానీ ఫోను చేసి అడిగితే ఒప్పుకునేవాడు. నేను ఆపనన్నది అందుకు కాదు. ఆపితే మట్టం పెట్టలేదన్న మాట బయటికొస్తుంది. ఇంకా, ఆ నిమిషంలో లోపల ఆవిడ పాటలు శుభ్రమవుతున్నాయి. మధ్యలో ఆపడానికి చెయ్యి రాలేదు.

ఆ తనిఖీని మూసెయ్యడానికి ఒక సెట్టింగుంది. తయారుచేసినవాళ్ళే ముట్టుకోవద్దని రాశారు. గుమ్మం దగ్గర కావలివాణ్ణి పక్కకి నెట్టడమన్నమాట. ర్యాకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. లెక్కలాయన, "పాస్టరుగారూ, దానికి వినపడదు" అన్నాడు. మెల్లగానే అన్నాడు. నేను నెట్టాను.

తరలింది. తెరమీద ఆకుపచ్చ గుర్తొచ్చింది. "చూశారా" అన్నాను.

అరనిమిషం తర్వాత మిషను చచ్చిపోయింది. పుట్టినప్పుడు చూసిన విద్య ఏదో పిలిచింది, పాత ప్రాసెసరుకి ఆ మాట రాదు. అంతే.

మధ్యాహ్నానికి మళ్ళీ లేపాం. రోగుల వివరాలన్నీ బ్యాకప్పులోంచి వచ్చేశాయి.

పాటల మూట తెరుచుకోలేదు.

జూన్ 24, మంగళవారం

డిస్కు తీసుకెళ్ళి తుడిచినవి వెనక్కి తెచ్చేవాళ్ళకి చూపించాను. వాటి చోటే ఆదివారం ప్రసంగం కూర్చుందన్నారు.

జూన్ 25, బుధవారం

టీచరు దగ్గరికి వెళ్ళాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ ఆరు సెకన్లు ఉన్నాయి సార్, వింటారా అంది.

విన్నాను. ఫ్యాను రొద. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత ఆవిడ గొంతు సవరించుకుని, "ఏమండీ, మొదలెట్టనా?"

తర్వాత నా గొంతు. "ఆగు, ఇంకొక్క మాట."

అక్కడితో అయిపోయింది.

రెండోసారి వెయ్యమన్నాను. మూడోసారి ఆమె వెయ్యలేదు.

జూన్ 26, గురువారం

ఆసుపత్రి నుంచి మెమో. సంజాయిషీ ఇవ్వమని. లెక్కలాయన తన పేరు కూడా రాసుకోబోతే వద్దన్నాను.

ఆరు మాటలు. నీళ్ళు, వద్దు, అక్క, నొప్పి, పో, ఎండ.

జూన్ 27, శుక్రవారం

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో రెండు సంచులు. వదిన తన చీర కుచ్చిళ్ళు దోపుకుని ఉంది, ప్రయాణానికి.

"మా ఇంటికి తీసుకెళ్తున్నా మరిదిగారూ."

"ఎన్నాళ్ళు?"

కొలతలు రాసుకునే తన చిన్న పుస్తకం తెరిచి నా చేతికిచ్చింది. జాకెట్ల కొలతల మధ్యన మాటలు రాసుంది, తేదీలు వేసి. గిన్నె. చల్లగా. కిటికీ. సూది. దువ్వు. వాన. బాగుంది. లెక్కపెట్టాను. ఇరవై మూడు. లైటూ ఆకలీ కూడా ఉన్నాయి.

"ఇవన్నీ ఎప్పుడంది?"

"మీరు ఆఫీసుకెళ్ళాక."

"నా దగ్గర ఆరు."

"మీ దగ్గర సందు దొరకదండీ పాపం దానికి."

నేను నమ్మలేదు. నేరుగా అడుగుతానన్నాను. వదిన చెల్లెలి ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో మాటా విడిగా, "ఇల్లు? అక్క?" అంది.

"అక్క" అంది మా ఆవిడ. తడుముకోకుండా.

అప్పుడు నా నోటికి అదుపు తప్పింది. ఏం చెప్పానో గుర్తులేదు. దేవుడు జతచేసినదాని గురించి, మొదట్లో అద్దెకున్న ఒంటిగది గురించి, ఆవిడ పాట లేని హాలు గురించి, నేను చేసిన ప్రార్థనల గురించి. చెప్తూనే ఉన్నాను. పాటలు పోయాయని మాత్రం చెప్పలేదు, అన్నిటి గురించీ చెప్పాను, అదొక్కటి తప్ప.

ఆవిడ ఎడంచెయ్యి లేచింది. అరచెయ్యి తెరిచి, నిటారుగా, నా వైపు. మోచెయ్యి వణుకుతోంది.

ఈసారి హాలు లేదు. స్తోత్రం అనడానికి ఎవరూ లేరు.

ఆగాను.

ఆవిడ చెయ్యి దించింది. వెంటనే. ఇంతకాలం అది దించడానికి నేను ఆగడమే కావలసింది.

బస్సెక్కించి వచ్చాను. కిటికీ పక్కన కూర్చుంది. రెండు గంటల ప్రయాణం, ఎండ ఆ వైపే.

జూన్ 28, శనివారం

ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో రాద్దామనుకున్నాను. అబద్ధం. నిశ్శబ్దం ఆవిడుండగా ఉండేది. నేనే ఉండనిచ్చేవాణ్ణి కాదు.

జూన్ 29, ఆదివారం

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి హాలుకి వెళ్ళలేదు. పెద్దల్లో ఒకాయన్ని వాక్యం చెప్పమన్నాను. బయటి రోగులు రాని రోజు కాబట్టి సూపరింటెండెంటు అనుమతితో ఇవాళ మట్టం పెట్టాం, నేనూ లెక్కలాయనా.

జబ్బుపడ్డ పెట్టెకి మెమరీ మార్చేశారు, ఇక కొత్తవాటిలో పుట్టినవాటన్నిటినీ ఆపాలి. రీస్టార్టు చాలదు, పై విద్యలు చూసిన కన్ను దానితో మూసుకోదు. పూర్తిగా ఆపి, మట్టం పెట్టి, మళ్ళీ పుట్టించాలి. ఒక్కొక్కటీ ఆరిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. లెక్కలాయన కాగితంమీద టిక్కులు పెడుతున్నాడు.

పాతదాని మట్టం ఎంచుకుని నొక్కాను. అయిపోయింది. ఇన్ని రోజులు నేను కాదన్నది ఒక్క నొక్కు.

"ఎంత పోయింది?" అని అడిగాను.

"ఏం పోతుంది?"

"కొత్తవాటి బలం."

"బలమంతా దానిదగ్గరే ఉంటుంది పాస్టరుగారూ. వేగం అదే, మెమరీ అదే. నాలుగు విద్యలు బయటపెట్టదు, అంతే. వార్డులో ఒక్కరికి తెలిస్తే అడగండి." చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీకు ముందే చెబుదామనుకున్నా. సందివ్వలేదు."

వదిన మాటే. ఇద్దరూ మాట్లాడుకోలేదు కదా అనిపించింది ఒక్క క్షణం.

టీచరుగారి మిషనుని నేనే, నా చేత్తో, అటు నుంచి ఇటు తరలించాను. పరుగెత్తుతూనే పాతదానిలోకి దిగింది. తిరిగి కొత్తదానిలోకి ఎక్కింది. మళ్ళీ దించాను. లెక్కలాయన చాలు లెండి అనేదాకా అలా దించుతూ ఎక్కిస్తూ ఉన్నాను.

జూలై 2, బుధవారం

వాక్యం తెరిస్తే రెండు పేజీలు నన్ను వెతుక్కుంటూ వచ్చాయి.

ఒకటి, గుళ్ళో నోరు పడిపోయిన యాజకుడిది. ఆవిడకి జబ్బు చేసినప్పటినుంచీ ఆ పేజీ రాగానే తిప్పేస్తున్నాను. ఎందుకంటే అక్కడ మాట పోయింది భార్యకి కాదు. మాటలమ్ముకు బతికే మొగుడికి. వినాల్సింది వినలేదని.

రెండోది, ఇరవై ఏళ్ళ తర్వాత అన్నని కలిసిన మందల మనిషిది. అన్న కలిసి పోదాం పద అంటాడు. తమ్ముడు రాలేనంటాడు. పసివాళ్ళున్నారు, పాలిచ్చే పశువులున్నాయి, ఒక్క రోజు వడిగా తోలితే చాలు చస్తాయి, అవి నడవగలిగినంతే నడుస్తాను అంటాడు. దీనిమీద నేను ఏడుసార్లు ప్రసంగించాను. ప్రతిసారీ సహనం గురించే చెప్పాను. మట్టం గురించి ఒక్కసారీ చెప్పలేదు. నాకు చదవడం వచ్చుననుకున్నాను.

జూలై 5, శనివారం

వదిన పుస్తకంలోని మాటలు ఫోనులో అడిగి రాసుకున్నాను. ఇప్పుడు ఇరవై ఆరట. వాటితో మాట్లాడటం అభ్యాసం చేస్తున్నాను. పది నిమిషాలు కూడా కుదరడం లేదు. "కానీ" లేదు. "ఎందుకంటే" లేదు. "నేను" లేదు.

"ఏమండీ" కూడా లేదు. అడగలేదు.

జూలై 13, ఆదివారం

పొద్దుటి బస్సుకి వెళ్ళాను. హాలు పెద్దలకి చెప్పాను, ఇకమీదట ఆదివారాలు నేను రానని.

వదిన ఇల్లు వీధి చివర, ముందుగదిలో కుట్టుమిషను, వెనక చిన్న వాకిలి. ఆవిడ వాకిట్లో కుర్చీలో ఉంది. నన్ను చూడగానే భుజాలు కొంచెం ముడుచుకున్నాయి. అది చూశాను. వాన రాబోతే జనం అలాగే ముడుచుకుంటారు.

ఏమీ అనకుండా పక్కన స్టూలు వేసుకున్నాను. లోపల మిషను చప్పుడు ఆగుతూ నడుస్తూ ఉంది.

"ఎండ" అంది ఆవిడ.

వెలుగు గురించి నాలుకమీదికి ఎంత వచ్చిందో దేవుడికే తెలుసు. "ఎండ" అన్నాను.

నా వంక తిరిగి చూసింది. పరీక్షగా. "బాగుంది" అంది.

"బాగుంది."

భుజాలు దిగాయి.

తర్వాత చెప్పాను. చెప్పాలి కదా. ఆ మాట ఆవిడ జాబితాలో లేదు, అయినా చెప్పాను. "పాటలు. పోయాయి." నా గుండెమీద వేలు పెట్టుకుని చూపించాను, నేనే అని.

అర్థమైంది. ఎంతవరకో తెలియదు, కానీ అర్థమైంది. ముఖం మారలేదు, కళ్ళు మాత్రం వాకిలి దాటి ఎక్కడికో పోయి, చాలాసేపటికి తిరిగొచ్చాయి. నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. పక్కన బల్లమీదున్న తన గ్లాసుని ఎడంచేత్తో నా వైపు తోసింది. సగం ఒలికింది.

"నీళ్ళు" అంది.

తాగాను.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది, నోట్లో సూదులు. తీసి అరచేతిలో పోసుకుని నన్ను లోపలికి పిలిచింది. "ఇక్కడే ఉంటానంటోంది. తీసుకెళ్దామని వచ్చుంటే..."

"లేదు వదినా."

"ఎప్పటికీ అని కూడా అనుకోండి."

"అనుకున్నాను."

"అయితే కూర్చోండి, తిని వెళ్ళండి." కంచం పెడుతూ, "ఈ మధ్య సన్నబడ్డారు" అంది.

నాలుగింటికి బస్సు. ఆవిడ ముందుకెళ్ళి నిలబడ్డాను. వెళ్ళొస్తాననాలి. ఆ మాట ఆవిడ దగ్గర లేదు. ఉన్న మాటల్లో వెతికి, వీధి వైపు చూపించి, "పో?" అని అడిగాను.

"పో" అంది.

తల ఊపి రెండడుగులు వేశాను. వెనకనుంచి గొంతు సవరించుకున్న చప్పుడైంది. అదే చప్పుడు, రికార్డులోది. ఆగిపోయాను. ఆవిడ నుదురు ముడిచి, నేలమీద పడ్డ సూదిని వెతుకుతున్నట్టు వెతుకుతోంది. నేను అందివ్వలేదు. ఏ మాటా అందివ్వలేదు.

"పో" అంది మళ్ళీ. తర్వాత, "రా."

ముప్పై ఏళ్ళలో నన్ను ఒక్కసారీ నువ్వు అనని మనిషి. గుమ్మంలో వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో.

బస్సులో కూర్చుని ఇది రాస్తున్నాను, అక్షరాలు గెంతుతున్నాయి. వచ్చే ఆదివారం మళ్ళీ ఇదే బస్సు.

ఈ మాటమీద ప్రసంగం చెయ్యను.